మంత్రి గారూ, సగం పూట పనికి చట్టంలో చోటివ్వండి

గౌరవనీయులైన కేంద్ర కార్మిక, ఉపాధి శాఖ మంత్రి గారికి,



కార్మికుల బీమా సంస్థ అయిన ఈఎస్ఐ కార్పొరేషన్‌కు అధ్యక్షులు మీరే కాబట్టి ఈ ఉత్తరం మీ పేరిట రాస్తున్నాను. తెలుగులో రాయడానికి కారణం, ఇది ఎవరి గురించో వాళ్లు కూడా చదవాలని. మీ కార్యాలయంలో ఎవరో ఒకరు దీన్ని మీ భాషలో మీకు వినిపిస్తారని నా నమ్మకం.

నేను ఫిజియోథెరపిస్టును. హైదరాబాద్‌లో జీడిమెట్ల, బాలానగర్ పారిశ్రామికవాడల నుంచి వచ్చేవాళ్లే నా దగ్గర ఎక్కువ. వేళ్లు నలిగినవాళ్లు, నడుం పట్టేసినవాళ్లు, పక్షవాతం వచ్చి కోలుకుంటున్నవాళ్లు. వాళ్ల చేతులు, కాళ్లు మళ్లీ కదిలేలా చేయడం నా పని. ఆ పని చాలావరకు జరుగుతుంది కూడా. నన్ను వేధించేది ఆ తర్వాతి సంగతి. చెయ్యి కదులుతుంది, మనిషి నడుస్తాడు, ఉద్యోగం మాత్రం తిరిగి రాదు. వచ్చినా నెల తిరక్కుండానే పోతుంది.

అడగదలచుకున్నది ముందే చెప్పేస్తాను. కార్మికుడు ఏ రోజు పనిచేసి జీతం తీసుకుంటాడో ఆ రోజుకు అతనికి సిక్‌నెస్ బెనిఫిట్ గానీ, గాయం తాలూకు భత్యం గానీ రాదని 1948 నాటి ఈఎస్ఐ చట్టం 63వ సెక్షన్ చెప్పింది. వినడానికి న్యాయంగానే ఉంది. జీతం అందుకున్నవాడికి మళ్లీ జబ్బు డబ్బులెందుకు అనిపిస్తుంది. కానీ ఈ నియమం ప్రకారం మనిషి రెండే రకాలుగా ఉండగలడు: పూర్తిగా రోగి, లేదా పూర్తిగా కార్మికుడు. పొద్దున నాలుగు గంటలు పనిచేసి మధ్యాహ్నం ఇంటికొచ్చి పడుకోవాల్సిన మనిషికి ఇందులో చోటు లేదు. కోలుకునే ప్రతి మనిషీ కొంతకాలం సరిగ్గా ఆ మనిషే. అతనికి చట్టంలో చోటివ్వమని అడుగుతున్నాను.

2025 నవంబర్ 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. ఈఎస్ఐ చట్టం సామాజిక భద్రత కోడ్‌లో కలిసింది. నియమాలూ స్కీములూ కొత్తగా కూర్చుకోవాల్సిన సమయమిది. పాత చట్టంలో మంచి చాలా ఉంది, అది మిగలాలి. ఈ ఒక్క సూత్రాన్ని మాత్రం కొత్త ఇంట్లోకి అలాగే మోసుకెళ్లకండి.

ఒక ప్రెస్ ఆపరేటర్ సంగతి చెబుతాను. పవర్ ప్రెస్ కింద అరచెయ్యి పడి, వేళ్లను ముడిచే టెండన్లు తెగాయి. నరాలు తెగాయని మనవాళ్లు చెప్పుకునేది చాలాసార్లు వీటి గురించే. సర్జన్ చక్కగా కుట్టాడు. కుట్టిన టెండన్ మొదటి వారాల్లో చాలా బలహీనంగా ఉంటుంది. అసలు కదపకపోతే చుట్టూ ఉన్న కండకు అతుక్కుపోయి వేలు కర్రలా బిగుసుకుంటుంది. తొందరపడి బలం పెడితే కుట్టు తెగుతుంది. అందుకే స్ప్లింట్ వేసి, ఇవాళ ఇంత, వచ్చే వారం ఇంకాస్త అని కొలుచుకుంటూ కదిలిస్తాం. గట్టిగా పట్టుకోవడానికీ బరువెత్తడానికీ సుమారు 12 వారాలు పడుతుంది. పిడికిలి బలం పూర్తిగా రావడానికి ఇంకా ఎక్కువ.

ఈ 12 వారాల్లో రెండో సగం చూడండి. ఆ కుర్రవాడికి రెండో చెయ్యి బాగుంది. బుర్ర బాగుంది. మిషన్ గురించి అతనికి తెలిసినంత ఆ షెడ్డులో చాలామందికి తెలియదు. స్టోర్స్‌లో లెక్క రాయగలడు. తయారైన పార్టుల్ని గేజ్ పెట్టి తనిఖీ చేయగలడు. కొత్తగా చేరిన హెల్పర్‌కు డై ఎలా బిగించాలో పక్కన నిలబడి చెప్పగలడు. ఈ పనుల్లో ఏదీ అతని కుట్టుకు హాని చేయదు. చేతికి రోజూ కాస్త తేలిక పని దొరికితే నా వ్యాయామాలకు తోడుగా అదీ పనిచేస్తుంది. కానీ అతను గేటు లోపల అడుగు పెట్టి హాజరు వేయించుకుంటే ఆ రోజు భత్యం ఆగిపోతుంది. పనిలో గాయపడ్డవాళ్లకు ఈఎస్ఐ ఇచ్చేది రోజు వేతనంలో 90 శాతం. సగం పూట పనికి యజమాని ఇచ్చేది సగం జీతం. భార్యాపిల్లలున్నవాడు ఏది ఎంచుకుంటాడు? ఇంట్లోనే ఉంటాడు. 12 వారాలు అయ్యాక డిస్పెన్సరీ డాక్టరు ఫైనల్ సర్టిఫికెట్ మీద సంతకం పెడతాడు, మర్నాడు పొద్దున అతను అదే ప్రెస్ ముందు ఎనిమిది గంటల షిఫ్టుకు నిలబడాలి. నిన్నటిదాకా పూర్తి రోగి, ఇవాళ పూర్తి ఆపరేటర్. రాత్రికి రాత్రి ఏ చెయ్యీ అలా మారదు.

అలా వెళ్లినవాళ్లు కొద్ది రోజుల్లోనే వాచిన చేతులతో నా దగ్గరికి తిరిగి వస్తారు. కొందరు అదీ రారు, పని మానేస్తారు. చెయ్యి వెనక్కి లాక్కోవడంలో క్షణం ఆలస్యమై మళ్లీ గాయపడేవాళ్లూ ఉన్నారు. ప్రెస్ ముందు నిలబడ్డ మనిషి భయపడుతూ పనిచేయడం ఎంత ప్రమాదమో షాపులో పనిచేసిన ఎవరినడిగినా చెబుతారు.

ఆ ఫైనల్ సర్టిఫికెట్ గురించి ఇంకొంచెం చెప్పాలి. అందులో ఉండేది ఒక్క మాట: పనికి తగినవాడు. ఏ పనికి? ఎన్ని గంటలకు? నిలబడి చేసేదా, కూర్చుని చేసేదా? రాత్రి షిఫ్టు కుదురుతుందా? ఇవేవీ అందులో ఉండవు. సంతకం పెట్టే డాక్టరు ఆ మిషన్‌ను ఎప్పుడూ చూసి ఉండడు. ఆ కాగితం అందుకునే మేనేజర్‌కు ఆ శరీరం సంగతి తెలియదు. ఇద్దరి మధ్యా కార్మికుడు నిలబడి, ఒకరి భాష ఇంకొకరికి తనే చెప్పుకోవాలి. మనసున్న డాక్టర్లు సర్టిఫికెట్ కింద ‘లైట్ డ్యూటీ ఇవ్వగలరు’ అని చేత్తో ఒక ముక్క రాస్తారు. అది విన్నపమే తప్ప ఆదేశం కాదు. చాలా చోట్ల దానికి వచ్చే జవాబు కూడా నాకు కంఠతా వచ్చు: మా దగ్గర లైట్ డ్యూటీలు లేవు, పూర్తిగా నయమయ్యాకే రా. పూర్తిగా నయం కావడమంటే ఏమిటో ఎవరూ చెప్పరు. యాభై ఏళ్ల మనిషికి నడుం ఇరవై ఏళ్ల నాటి నడుంలా ఎప్పటికీ కాదు.

పక్షవాతం వచ్చిన సెక్యూరిటీ గార్డుల విషయంలో ఇది ఇంకా కష్టం. కాలు చేయి తేరుకుంటాయి. మాట స్పష్టమవుతుంది. చూసినవాళ్లు ‘నీకేమైంది, రాయిలా ఉన్నావు’ అంటారు. పక్షవాతం తర్వాత మిగిలే అలసట మాత్రం బయటికి కనపడదు. నిద్ర పోయినా పోని అలసట అది. రెండు గంటలు మనుషుల్ని చూసి, రిజిస్టర్‌లో పేర్లు రాయించి, ఫోన్లు ఎత్తితే మెదడు ఇక చాలంటుంది. మూడు నాలుగు గంటల పనితో మొదలుపెట్టి నెలా రెండు నెలల్లో పెంచుకుంటూ పోతే వాళ్లలో చాలామంది నిలదొక్కుకోగలరు. కానీ గార్డు ఉద్యోగమంటే 12 గంటల షిఫ్టు. మొదటి వారంలోనే కుర్చీలో కునికిపాటు పడుతూ దొరికిపోతాడు. డ్యూటీలో నిద్రపోయాడని తీసేస్తారు. రికార్డులో అది క్రమశిక్షణ కింద పోయిన ఉద్యోగం. అసలు కారణం ఏ కాగితంలోనూ ఉండదు.

గార్మెంట్ ఫ్యాక్టరీల్లో కుట్టుపని చేసే ఆడవాళ్లకు రొమ్ము క్యాన్సర్ వచ్చి తగ్గిన తర్వాత పరిస్థితి వేరు. చంకలోని లింఫ్ గ్రంథులు తీసేసిన వైపు చెయ్యి వాచే ముప్పు జీవితాంతం ఉంటుంది. ఒకే కదలికను గంటల తరబడి, ఆగకుండా చేస్తే ఆ వాపు పెరగవచ్చు. కొన్ని కీమో మందులు వేళ్ల చివర్లను నెలల తరబడి మొద్దుబారుస్తాయి, బట్ట అంచు ఎక్కడుందో వేలికి తెలియదు. వేగం తగ్గుతుంది. లైన్‌లో ఒక మిషన్ వెనకబడితే దాని తర్వాతి మిషన్లన్నీ ఖాళీగా కూర్చుంటాయి కాబట్టి పక్కనున్న ఆడవాళ్లే ముందు విసుక్కుంటారు. వాళ్ల టార్గెట్లు కూడా పోతాయి మరి. టార్గెట్‌తో సంబంధం లేని చోట, అంటే దారాలు కత్తిరించే దగ్గరో, చెకింగ్ టేబుల్ దగ్గరో కొన్ని నెలలు కూర్చోబెడితే సరిపోయేది. ఆ చిన్న ఏర్పాటు చేయాల్సిన బాధ్యత ఎవరి మీదా లేదు. చేస్తే సూపర్‌వైజర్ మంచితనం, లేకపోతే లేదు.

టీబీ గురించి కూడా ఒక మాట. మామూలు టీబీకి సరైన మందులు మొదలుపెట్టిన కొన్ని వారాల్లోనే చాలామంది నుంచి ఇతరులకు సోకే ప్రమాదం బాగా తగ్గిపోతుంది. చికిత్స ఆరు నెలలు సాగినా, ఆ ఆరు నెలలూ మనిషిని దూరంగా పెట్టాల్సిన అవసరం లేదు. ఈ సంగతి క్యాంటీన్‌లో ఎవరూ చెప్పరు. ప్లేటు వేరు చేస్తారు, బల్ల మీద పక్కన ఎవరూ కూర్చోరు. మందులు పూర్తిచేసి తిరిగొచ్చినవాడు జబ్బు వల్ల కాక, ఆ ఖాళీ కుర్చీల వల్ల మానేస్తాడు. మనోవ్యాధుల విషయంలో అది కూడా తెలిసిరాదు, ఎందుకంటే ఆ జబ్బున్నవాళ్లు అసలు చెప్పరు. డిప్రెషన్‌తో సెలవు పెట్టినవాళ్లు నడుం నొప్పి అని రాయించుకోవడం నేను చూశాను. శరీరానికి వచ్చిన జబ్బుకూ మనసుకు వచ్చిన జబ్బుకూ చికిత్సలో తేడా చూపకూడదని 2017 మానసిక ఆరోగ్య చట్టం చెప్పింది. పనిలోకి తిరిగి వచ్చే దారిలో కూడా ఆ మాట వినబడాలి.

మీ మంత్రిత్వ శాఖ 40 ఏళ్లు దాటిన కార్మికులకు ఏటా ఉచిత ఆరోగ్య పరీక్ష చేయించాలని కొత్త కోడ్‌లలో పెట్టింది. మనస్ఫూర్తిగా స్వాగతిస్తున్నాను. బీపీ, షుగర్ ముందే బయటపడితే నా దగ్గరికి పక్షవాతంతో వచ్చేవాళ్లు తగ్గుతారు. అయితే పరీక్షలో ఏదైనా తేలితే తన ఉద్యోగం ఏమవుతుందన్న ప్రశ్న కార్మికుడికి మొదటి రోజే వస్తుంది. దానికి జవాబు లేకపోతే అతను జబ్బును దాస్తాడు. గుండె నొప్పిని గ్యాస్ నొప్పి అని చెప్పుకుని నైట్ షిఫ్టుకు వెళ్లేవాళ్లు ఇప్పటికే ఉన్నారు. పరీక్షకూ, తిరిగి వచ్చే దారికీ ముడి వేస్తేనే ఆ పరీక్ష ఫలిస్తుంది.

చట్టం ఇప్పటికే ఎంత దూరం వచ్చిందో కూడా చెప్పకపోతే అన్యాయం. ప్రభుత్వ ఉద్యోగికి సర్వీసులో ఉండగా వైకల్యం వస్తే తీసేయడానికి వీల్లేదు, హోదా తగ్గించడానికి వీల్లేదు, ఆ పని చేయలేకపోతే అదే జీతంతో వేరే పోస్టుకు మార్చాలి, పోస్టు లేకపోతే సృష్టించి అయినా ఇవ్వాలి. 1995 నాటి వికలాంగుల చట్టం 47వ సెక్షన్‌లో ఇది ఉండేది, 2016 చట్టం 20వ సెక్షన్ దాన్ని నిలబెట్టింది. పంజాబ్ విద్యుత్ బోర్డు ఉద్యోగి ఒకాయనకు సర్వీసులో ఉండగా పూర్తిగా చూపు పోయింది. తనకు హక్కు ఉందని తెలియక, తనను రిటైర్ చేసి భార్యకు ఉద్యోగం ఇవ్వమని అర్జీ పెట్టుకున్నాడు. బోర్డు అతన్ని పంపించేసింది. 2008లో సుప్రీంకోర్టు ఆ కేసు తీర్పులో చెప్పిన విషయాన్ని ప్రతి మేనేజర్‌కూ వినిపించాలనిపిస్తుంది: ఉద్యోగికి తన హక్కు తెలియకపోతే దాన్ని వివరించి చెప్పాల్సిన బాధ్యత పై అధికారులదే.

మా దగ్గరి కేసు ఇంకా తాజాది. తెలంగాణ ఆర్టీసీ డ్రైవరు ఒకాయనకు రంగులు గుర్తించే చూపులో లోపముందని తేలి ఉద్యోగం పోయింది. 1979లో యాజమాన్యం, కార్మికులు చేసుకున్న ఒప్పందంలోనే ఇలాంటి డ్రైవర్లకు వేరే పని ఇవ్వాలని రాసి ఉంది. సంస్థ దాన్ని పాటించలేదు. 2025 ఆగస్టు 1న సుప్రీంకోర్టు అతనికి తగిన వేరే ఉద్యోగం ఇవ్వమని, బకాయి జీతంలో నాలుగో వంతు చెల్లించమని ఆదేశించింది. బస్సు తోలలేనివాడు డిపోలో చేయగలిగిన పనులు ఎన్నో ఉంటాయన్నది ఏ డిపోకు వెళ్లినా కంటికి కనిపించే సంగతి. దాన్ని ఒప్పించడానికి ఒక మనిషి సుప్రీంకోర్టు దాకా నడవాల్సి వచ్చింది.

ఈ రక్షణ ప్రభుత్వ సంస్థలకే. ప్రైవేటు ఫ్యాక్టరీలో ప్రెస్ ఆపరేటర్‌కూ గార్డుకూ టైలర్‌కూ ఆ 20వ సెక్షన్ వర్తించదు. పైగా నేను చెబుతున్నవాళ్లలో చాలామంది వైకల్యం కిందికి రారు. వాళ్లు కొన్ని వారాల్లో, నెలల్లో బాగుపడేవాళ్లు. వాళ్లకు కావలసింది కొత్త పోస్టు కాదు, కొన్నాళ్ల వెసులుబాటు.

ఈఎస్ఐ భత్యం అందుకుంటున్న కాలంలో కార్మికుణ్ణి తీసేయకూడదని పాత చట్టం 73వ సెక్షన్‌లో ఉండేది. ఎంతో మంచి సెక్షన్. కానీ ఇవాళ మా పారిశ్రామికవాడల్లో ఎక్కువమంది కాంట్రాక్టర్ల కింద ఉన్నారు. మనిషి మంచం మీద ఉండగా కాంట్రాక్టు ముగుస్తుంది. కొత్త కాంట్రాక్టర్ వస్తాడు, పాత జాబితాలో ఆ రోజు హాజరున్నవాళ్లనే తీసుకుంటాడు. ఎవరూ ఎవరినీ తీసేయలేదు. కోలుకున్నవాడు సర్టిఫికెట్ పట్టుకుని వెళితే గేట్ పాస్ పనిచేయదు, అంతే. లోపల అతని మిషన్ నడుస్తూ ఉంటుంది. ఎవరిని నిలదీయాలో అతనికి తెలియదు. సగం పూట పని గురించి మీరు ఏ నియమం రాసినా, ఆ బాధ్యతను కాంట్రాక్టర్ మీద వదలకుండా అసలు ఫ్యాక్టరీ యాజమాన్యం మీద పెట్టాలని అందుకే కోరుతున్నాను.

పెద్ద ప్రమాదాల తర్వాత కూడా నాకు పనిలోకి తిరిగి వచ్చే ఈ ప్రశ్నే గుర్తొస్తుంది. 2024 ఆగస్టు 21న అనకాపల్లి జిల్లా అచ్యుతాపురం సెజ్‌లోని ఫార్మా కంపెనీలో 17 మంది చనిపోయారు. 2025 జూన్ 30న పాశమైలారం పారిశ్రామికవాడలోని ఫ్యాక్టరీలో జరిగిన పేలుడు 50 మందికి పైగా ప్రాణాలు తీసింది. చనిపోయినవాళ్ల లెక్క, పరిహారం లెక్క పత్రికల్లో వచ్చాయి, రావాలి కూడా. కాలిన చర్మంతో బతికి బయటపడ్డవాళ్ల పేర్లు ఆసుపత్రి నుంచి ఇంటికి పంపిన రోజుతో వార్తల్లోంచి వెళ్లిపోతాయి. కాలిన గాయం మానేటప్పుడు చర్మం ముడుచుకుని కీళ్లను లాగేస్తుంది. వేడికీ ఎండకూ ఓర్వదు. శబ్దం వినిపిస్తే గుండె దడదడలాడుతుంది. వాళ్లు మళ్లీ ఒక రియాక్టర్ పక్కన నిలబడగలరా? నిలబడలేకపోతే ఏం చేస్తున్నారు? ప్రతి ప్రమాదం తర్వాత ఏడాదికి, రెండేళ్లకు ఈ లెక్క కూడా మీ శాఖ తీసి అసెంబ్లీల ముందు, పార్లమెంటు ముందు పెట్టాలి.

ఇతర దేశాలు ఈ సమస్యను ఎలా పరిష్కరించుకున్నాయో మీ అధికారులకు తెలిసే ఉంటుంది. స్వీడన్‌లో జబ్బు భత్యం నాలుగు పాళ్లలో ఇస్తారు: పూర్తి, ముప్పావు, సగం, పావు. మనిషి ఎంతమేర పనిచేయలేడో అంతమేరకే. ఫిన్లాండ్‌లో 2007 నుంచి సగం పూట పనిచేసేవాళ్లకు సగం భత్యం ఉంది. జర్మనీలో కార్మికుడు కాగితం మీద ఇంకా సెలవులోనే ఉంటాడు, ఆరోగ్య బీమా నుంచి భత్యం అందుతూనే ఉంటుంది, రోజుకు కొన్ని గంటలతో మొదలుపెట్టి వారాల తరబడి పెంచుకుంటూ పోతాడు. అక్కడ ఎవరైనా ఏడాదిలో ఆరు వారాలకు మించి జబ్బున పడితే, ఎలా తిరిగి రావాలో కూర్చుని మాట్లాడదామని యజమానే ముందు పిలవాలి. బ్రిటన్‌లో 2010 నుంచి డాక్టరు ఇచ్చే సర్టిఫికెట్‌లో ‘కొన్ని మార్పులు చేస్తే పనికి తగినవాడు కావచ్చు’ అన్న మాట చేరింది. క్రమంగా పెంచే పని, మారిన వేళలు, మారిన పని, పనిచేసే చోట మార్పులు అని నాలుగు గళ్లుంటాయి. 2022 నుంచి ఆ కాగితం మీద నర్సులు, ఫిజియోథెరపిస్టులు కూడా సంతకం పెట్టవచ్చు. మా వృత్తికి గొప్పదనం కోసం ఈ మాట చెప్పడం లేదు. వారానికి మూడుసార్లు ఆ చేతిని పట్టుకుని చూసేవాళ్లం మేము. ఏ వారం ఏ పని చేయగలదో రాయమంటే మేం రాయగలం.

మనది పేద దేశం, ఖర్చు ఎలా భరిస్తాం అనే మాట వస్తుంది. లెక్క వేసి చూడండి. రోజుకు 600 రూపాయల జీతగాడు పక్షవాతంతో ఉన్నాడనుకుందాం. ఈఎస్ఐ పెట్టిన 34 దీర్ఘకాలిక జబ్బుల జాబితా కింద అతనికి 80 శాతం, అంటే రోజుకు 480 రూపాయలు కార్పొరేషన్ ఇస్తుంది. అతను సగం పూట పనిలోకి వెళ్లి యజమాని నుంచి 300 తీసుకుని, కార్పొరేషన్ నుంచి సగం భత్యం 240 అందుకుంటే చేతికి 540 వస్తుంది. కార్మికుడికి 60 ఎక్కువ. కార్పొరేషన్‌కు 240 ఆదా. యజమానికి సగం పూట పని, అదీ ఆ పని తెలిసిన మనిషి చేతితో. ఇందులో నష్టపోయేవాళ్లు ఎవరూ నాకు కనపడలేదు. ఎంతకాలం ఇంట్లో కూర్చుంటే మళ్లీ పనిలోకి వెళ్లే అవకాశం అంత తగ్గుతుందన్నది, ముఖ్యంగా నడుం నొప్పుల విషయంలో, మా వృత్తిలో అందరికీ తెలిసిన సంగతి. కాబట్టి అసలు ఆదా ఆ 240 కంటే చాలా పెద్దది.

దుర్వినియోగం జరుగుతుందన్న భయం రెండు వైపులా ఉంది. నాటకాలాడతారని యజమానులు అంటారు. నా అనుభవంలో ఇంట్లో కూర్చోవడానికి నాటకమాడినవాళ్ల కంటే, నొప్పి లేదని నాటకమాడి పనికి పరిగెత్తినవాళ్లే ఎక్కువ. నాకు ఎక్కువ భయం రెండో వైపు నుంచే. లైట్ డ్యూటీ పేరుతో మనిషిని శాశ్వతంగా సగం జీతానికి దించేసే యజమానులు ఉంటారు. అందుకే ఇది మాటల మీద నడవకూడదు. ఎన్ని గంటలతో మొదలు, ఏ వారానికి ఎంత పెంచాలి, ఏ పని చేయకూడదు అని ఒక్క పేజీలో రాసి కార్మికుడు, డాక్టరు, యాజమాన్యం ముగ్గురూ సంతకం పెట్టాలి. దానికి మూడు నెలల గడువుండాలి, అవసరమైతే డాక్టరు పొడిగించాలి. గడువు తర్వాత పాత జీతం, పాత సీనియారిటీ అలాగే ఉండాలి. ఒంటికి సరిపడడం లేదనిపిస్తే మళ్లీ పూర్తి సెలవుకు వెళ్లే హక్కు కార్మికుడికి ఉండాలి, అలా వెళ్లినందుకు భత్యంలో కోత పడకూడదు. మామూలు జబ్బుకు ఏడాదికి ఇచ్చే 91 రోజుల్లో సగం పూటను సగం రోజుగానే లెక్కించాలి.

ఈఎస్ఐ బయట ఉన్నవాళ్ల గురించి రాయకుండా ఈ ఉత్తరం ముగించలేను. జీతం నెలకు 21,000 దాటితే ఈఎస్ఐ లేదు, 2017 నుంచి ఆ గీత కదలలేదు. ఆ గీత పైన ఉన్నవాళ్ల కంటే, అసలు ఏ గీతలోనూ లేనివాళ్లు నన్ను ఎక్కువ బాధపెడతారు. హెర్నియా ఆపరేషన్ అయిన పది రోజులకే హమాలీ మళ్లీ బస్తా ఎత్తుకుంటాడు. కాలు విరిగిన తాపీమేస్త్రి కట్టు విప్పిన వారానికే పరంజా ఎక్కుతాడు. ఇళ్లలో పనిచేసే ఆడమనిషి గర్భసంచి తీసేసిన మూడో వారానికి బకెట్ ఎత్తుతుంది, లేకపోతే ఆ ఇల్లు ఇంకొకరికి పోతుంది. వీళ్లు ఎలా తిరిగి రావాలన్నది సమస్య కాదు. తిరిగి రాకుండా ఇంకొన్నాళ్లు ఆగగలగడమే సమస్య. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డుల దగ్గర సెస్సు డబ్బు ఉంది. ఆపరేషన్ అయిన మేస్త్రికి, కూలీకి కోలుకునే వారాలకు రోజు భత్యం ఇవ్వడానికి అదే సరైన చోటు. రాష్ట్ర ప్రభుత్వాలకు ఆ సూచన మీ నుంచి వెళితే బరువుంటుంది.

ఎక్కడ మొదలుపెట్టాలన్నది కూడా చెప్పి ముగిస్తాను. దేశమంతా ఒక్కసారే మార్చనక్కర్లేదు. సనత్‌నగర్ ఈఎస్ఐ ఆసుపత్రి చుట్టూ బాలానగర్, జీడిమెట్ల ఉన్నాయి. విశాఖ మల్కాపురం ఈఎస్ఐ ఆసుపత్రి చుట్టూ కూడా ఫ్యాక్టరీలే. విజయవాడలో గుణదల ఆసుపత్రి ఉంది. ఈ మూడు చోట్లా ఒక్కో ఏడాది, చేతి గాయాలు, నడుం నొప్పులు, పక్షవాతం అనే మూడు రకాల కేసులతో సగం పూట భత్యం ప్రయోగం చేయండి. ప్రతి చోటా ఫ్యాక్టరీకి వెళ్లి మిషన్‌ను చూసి, ఆ ఒక్క పేజీ ప్రణాళిక రాయగల ఫిజియోథెరపిస్టునో ఆక్యుపేషనల్ థెరపిస్టునో పెట్టండి. ఫైనల్ సర్టిఫికెట్‌లో ఇప్పుడున్న ఒక్క మాట పక్కన రెండో గడి అచ్చు వేయించండి: ఫలానా మార్పులతో, రోజుకు ఇన్ని గంటలు, ఫలానా తేదీ వరకు. ఏడాది చివర ఎంతమంది పనిలో నిలిచారో, కార్పొరేషన్ ఎంత చెల్లించిందో పాత లెక్కలతో పోల్చి ప్రజల ముందు పెట్టండి. సనత్‌నగర్‌లో మొదలుపెడితే వారానికి ఒక రోజు జీతం లేకుండా వచ్చి పనిచేయడానికి నేను సిద్ధంగా ఉన్నాను. నాతో రాగలిగినవాళ్లు మా వృత్తిలో ఇంకా ఉన్నారు, వాళ్లను నేను అడిగాను.

భవదీయురాలు,
ఒక ఫిజియోథెరపిస్టు
హైదరాబాద్